పదకొండో గడి

ఆకివీడు దాటాక
రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు ఇంకా చీకటిని చిలుకుతుండగానే
కోల్డ్ స్టోరేజీ షట్టరెత్తుతాను.
తాళంచెవి జేబులోనే.
ముందు మోకాళ్ళ మీద కూర్చోవాలి.

రాత్రి దిగేటప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ కింద
విప్పిన అట్టపెట్టె ఒకటి పరిచి పోతాను.
పొద్దున్నే దాన్ని చదువుతాను.
మరక లేకపోతే శుభవార్త.
ఎర్రగా, జిడ్డుగా ఉంటే హైడ్రాలిక్ నూనె.
నీళ్ళలాగే ఉండి అట్టని తినేస్తే
బ్యాటరీ ఏడ్చిందన్నమాట.

తర్వాత చుట్టూ ఒక తిరుగుడు,
సంతలో పాడిగేదె చుట్టూ తిరిగే రైతులా.
అమ్మేవాడి మాట వినడు కదా అతను,
పళ్ళు చూస్తాడు, పొదుగు నొక్కుతాడు, నాలుగడుగులు నడిపిస్తాడు.
నేనూ అంతే.
టైరులో దిగిన మేకు, వదులైన నట్టు,
ఫోర్కు మడమ దగ్గర ఉప్పుగాలి కొరికిన చోటు.
సుద్దముక్క రుద్ది ఊదితే
వెంట్రుకంత పగులు కూడా గీత గీసి చూపిస్తుంది.

గొలుసుని మాత్రం వేలితో ముట్టను.
కొబ్బరి ఈనెతో పొడిచి చూస్తాను.
ఏసుపాదం నేర్పిన పద్ధతి.
ఆయన కుడిచేతి చూపుడువేలు అంత పొట్టిదెందుకో
నేర్చుకునేవాళ్ళెవరూ రెండోసారి అడగరు.

బెల్టు, బ్రేకు, లైటు, వెనక్కి వెళ్తే కూసే పిట్ట.
పుస్తకంలో పదిహేను గడులు.
పదకొండోది హారను.

ఒకప్పుడు ఈ పుస్తకం నాకు
సోమవారం పొద్దున్న రెండు నిమిషాల పని.
వారానికి సరిపడా టిక్కులు
ఊడుపులో ఆడోళ్ళు నాటినట్టు
ఒకే వంపులో, ఒకే ఎడంలో నాటేసేవాణ్ణి.
టీ చల్లారకముందే శనివారం దాకా బండి క్షేమం.

ఆ బుధవారం మలుపులో హారను నొక్కాను.
నా వేలికి తెలిసింది,
బటను కింద ఏమీ లేదని.
మలుపు అవతల పెద్దింట్లు,
గ్రేడింగు బల్ల నుంచి ఐసు టబ్బు మోసుకొస్తూ.
ఎడమ పాదం.

ఇనస్పెక్టరుగారు వచ్చి పుస్తకం తిరగేశారు.
హారను: టిక్కు. ఆ బుధవారానికీ టిక్కే,
గురువారానికీ,
బండికి తాడు కట్టి మూల నిలబెట్టిన శనివారానికీ.
ఆయన తేదీలు చూడలేదు.
"రికార్డు చక్కగా పెట్టావయ్యా" అన్నారు.
అంతకంటే పెద్ద తిట్టు
ఇంతవరకూ నన్నెవరూ తిట్టలేదు.

ఆర్నెల్లకి ఆ పిల్ల పన్లోకి తిరిగొచ్చింది,
నీలం టోపీ, రబ్బరు బూట్లు,
ఎడమ బూటులో గుడ్డ కుక్కుకుని.
నాతో మాట్లాడలేదు.
కానీ ఒకరోజు పదకొండో గడి దగ్గర
నేను రెండుసార్లు హారను కొడితే
లోపలి నుంచి ఐసు పారతో బల్ల మీద
టంగు మని ఒక్క దెబ్బ.
అప్పట్నుంచీ రోజూ అంతే.
అది విన్నాకే టిక్కు పెడతాను.

ఇవాళ అట్ట మీద
రూపాయి బిళ్ళంత ఎరుపు.
గడిలో ఇంటూ కొట్టి, సంతకం పెట్టి
తాళంచెవి మేకుకి తగిలించాను.

వర్మగారు వచ్చారు.
"కంటైనరు గేట్లో నిలబడింది. పదింటికల్లా కాకినాడ దారిలో ఉండాలి.
ఒక్క చుక్కేగా, ఏవయ్యా!"
నిజమేనండి, ఒక్క చుక్కే.
ఆయన తాళంచెవి వైపు చూశారు, నా వైపు చూశారు,
ఫోనెత్తి ఎవర్నో కేకలేసుకుంటూ వెళ్ళిపోయారు.
చేతిబండ్లు బయటికి తీశాం.
నడుములు పడిపోతాయి ఇవాళ, ఆయ్.

హారను మోగలేదని కాబోలు
పెద్దింట్లు గుమ్మంలోకొచ్చింది.
మేకు మీది తాళంచెవిని చూసింది.
వంగి బండి కిందికి చూసింది.
రెండో చుక్క అట్ట అంచున, పడబోతూ.
ఏమీ అనలేదు.
ఎడమ బూటు ముందుకు చాపి
అట్టని జానెడు జరిపింది,
చుక్క నడిమధ్యన పడేట్టు.